రవీంద్రఖనిలో దిగి, మూల నక్షత్రం దాకా

రామగుండం దగ్గరపడుతోందని ముందు చెప్పేవి ఎన్‌టీపీసీ పొగగొట్టాలు. అవి కనబడగానే బోగీలో సగంమంది సంచులు సర్దుకోవడం మొదలుపెట్టారు. మే నెల మధ్యాహ్నం, కిటికీ చువ్వ మీద చెయ్యి ఆనితే చురుక్కుమంటోంది. బోగీలో మిగిలిన కబుర్లన్నీ ఎండ గురించే. నిన్న నలభై అయిదు, ఇవాళ ఎంతో.

రామగుండం అంటే అందరికీ కరెంటే గుర్తొస్తుంది. 2,600 మెగావాట్ల కేంద్రం ముందు ఇంకేదీ నిలవదు. కానీ నా ఒళ్ళో ఉన్న కాగితాల కట్ట వల్ల నాకు ఆ పూట అమ్మోనియా గుర్తొచ్చింది. ఈ ఊళ్ళోనే ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం బొగ్గును గ్యాసుగా మార్చి, ఆ గ్యాసు నుంచి అమ్మోనియా, అమ్మోనియా నుంచి యూరియా తీసేది. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడింది. అదే చోట 2021 నుంచి ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో మళ్ళీ యూరియా వస్తోంది, కాకపోతే ఇప్పుడు పైపుల్లో వచ్చే సహజవాయువుతో. మూతపడ్డ ఆ ఇరవై ఏళ్ళ గురించి ఇక్కడి పాత ఉద్యోగులు మాట్లాడితే వినడం కష్టంగా ఉంటుంది. అది వేరే వ్యాసం.

కాగితాల కట్ట మేసర్ల గురించి. లేజర్ కంటే ముందు పుట్టింది మేసర్. లేజర్ వెలుగును పెంచితే ఇది మైక్రోవేవ్ తరంగాన్ని పెంచుతుంది. 1954లో న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ టౌన్స్ బృందం పనిచేయించిన మొట్టమొదటి మేసర్‌లో ఉన్నది అమ్మోనియా అణువులే. 1964లో టౌన్స్‌కు, సోవియట్ శాస్త్రజ్ఞులు బాసోవ్, ప్రొఖొరోవ్‌లకు కలిపి నోబెల్ వచ్చింది. మనుషులు ఇంత కష్టపడి ప్రయోగశాలలో సాధించినదాన్ని ఆకాశం ఎప్పటినుంచో ఊరికే చేస్తోందని ఆ మరుసటి సంవత్సరమే తెలిసింది. నక్షత్రాల మధ్య మబ్బుల్లో హైడ్రాక్సిల్ అణువులు మేసర్లుగా వెలుగుతూ దొరికాయి. తర్వాత నీటి ఆవిరి. ఆ తర్వాత మిథనాల్.

మిథనాల్ పేరు మన పత్రికల్లో కల్తీ సారా చావుల వార్తల్లోనే కనిపిస్తుంది. చిన్న మోతాదులో కళ్ళు పోగొట్టి, పెద్ద మోతాదులో ప్రాణం తీసే ద్రవం. ఖగోళంలో దాని పేరు ఇంకోలా వినిపిస్తుంది. మహానక్షత్రాలు పుట్టే చోట ఏం జరుగుతోందో కంటికి కనబడదు, చెప్పేది ఈ మిథనాలే. ఈ ప్రయాణంలో నేను చదువుతున్నది కూడా అదే: ఉన్నట్టుండి భగ్గుమనే మిథనాల్ మేసర్ల కథ.

వంతెన కింద గోదావరిలో నీళ్ళకంటే ఇసుక ఎక్కువ. మంచిర్యాలలో బోగీ సగం ఖాళీ అయింది. తర్వాతది రవీంద్రఖని. రామకృష్ణాపూర్‌కు రైల్లో వచ్చేవాళ్ళు దిగేది ఇక్కడే.

రామకృష్ణాపూర్‌ను చూడ్డానికి ఎవరూ రారు. చుట్టాలుంటే వస్తారు, ఉద్యోగముంటే వస్తారు. వరసగా సింగరేణి క్వార్టర్లు, వేపచెట్లు, ఏరియా ఆస్పత్రి, బొగ్గు లారీలు వెళ్ళే రోడ్డు అంచున నల్లగా పేరుకున్న పొడి. మున్సిపాలిటీ పేరు క్యాతనపల్లి. దగ్గర్లో బొక్కలగుట్ట దిక్కున గాంధారి కోట ఉంది, మాఘమాసంలో అక్కడ నాయకపోళ్ళ జాతర జరుగుతుంది. ఎండాకాలం ఆ రాళ్ళ మీదికి ఎక్కే ధైర్యం నాకు లేకపోయింది.

పెద్దబాపు ఇల్లు కాలనీ దాటాక. ఆయన ఓవర్‌మన్‌గా రిటైరయ్యారు, భూగర్భ గనుల్లోనే సర్వీసంతా. నన్ను చూడగానే అన్న మొదటి మాట:

"ఏం బిడ్డా, గింత ఎండల ఎందుకచ్చినవ్? దసరాకు రావద్దా?"

సాయంత్రం ఎండ తగ్గాక బండి మీద ఓపెన్‌కాస్టు వైపు తీసుకెళ్ళారు. లోపలికి వెళ్ళనివ్వరు, దూరంనుంచే చూడాలి. మట్టి గుట్టలు గుట్టల్లా కాదు, కొత్తగా పుట్టిన కొండల్లా ఉన్నాయి. కింద మెట్లు మెట్లుగా కోసిన నేల, దాని అడుగున నల్లటి చార. ఆ చార పెర్మియన్ యుగంలోది, దాదాపు 28 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడి చిత్తడి అడవుల్లో పడిపోయిన చెట్లు. 1871లో ఇల్లందు దగ్గర విలియం కింగ్ బొగ్గు జాడ కనిపెట్టినప్పటి నుంచి ఈ గోదావరి లోయ పొడుగునా మనం తవ్వుకుంటున్నది ఆ అడవినే.

అక్కడ నిలబడ్డప్పుడు తట్టిన లెక్క ఒకటి చెప్పాలి. సూర్యుడి కంటే 20 రెట్లు బరువైన నక్షత్రం మహా అయితే కోటి ఏళ్ళు బతుకుతుంది. 8 రెట్లు బరువైనదైనా నాలుగు కోట్లు దాటదు. అంటే ఈ రాత్రి మన కంటికి కనిపించే మహానక్షత్రాల్లో ఒక్కటి కూడా ఈ బొగ్గు పుట్టినప్పుడు లేదు. వృశ్చికం గుండెలో ఎర్రగా మెరిసే జ్యేష్ఠ వయసు కోటీ చిల్లర ఏళ్ళు. రామకృష్ణాపూర్ బొగ్గు ముందు జ్యేష్ఠ పసిపిల్ల. ఆకాశం పాతది, నేల కొత్తది అన్న మన అలవాటు లెక్క మహానక్షత్రాల విషయంలో తలకిందులు.

పెద్దబాపు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆయన ఆసక్తంతా గ్యాసుల మీద.

"మిథనాలు దేంతోటి చేస్తరు?" అన్నారు తిరిగొచ్చి చాయ్ తాగుతుండగా.

కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజను కలిపి అన్నాను.

ఆయన కప్పు కింద పెట్టేశారు. "కార్బన్ మోనాక్సైడా? దానికి రంగుండది, వాసనుండది. బాయిల అగ్గి అంటుకున్నదంటే మంటకంటే ముందు అదే సంపుతది. గందుకే నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్ లేకుంట లోపలికి పోనియ్యరు."

అదే గ్యాసు. ఆ పూటంతా మా మాటలు దాని చుట్టూనే తిరిగాయి. హైదరాబాద్ బీహెచ్‌ఈఎల్ పరిశోధన కేంద్రం మన దేశపు బూడిద ఎక్కువున్న బొగ్గును గ్యాసుగా మార్చి, దాన్నుంచి మిథనాల్ తీసే చిన్న ప్లాంటును సొంత డిజైన్‌తో కట్టింది. సామర్థ్యం రోజుకు పావు టన్ను. 2021లో 99 శాతానికి పైగా స్వచ్ఛమైన మిథనాల్ వచ్చింది, 2022 జనవరిలో దాన్ని అధికారికంగా ప్రారంభించారు. మిథనాల్ తయారీ ఎక్కడ చేసినా దాదాపు ఒకటే: కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్‌లను రెండు మూడు వందల డిగ్రీల వేడిలో, వాతావరణ పీడనానికి యాభై రెట్లో వంద రెట్లో ఒత్తి, రాగి ఉన్న ఉత్ప్రేరకం మీదుగా పంపాలి. నక్షత్రాల మధ్య మబ్బుల్లో కూడా ముడిసరుకు ఇదే, పద్ధతి మాత్రం పూర్తిగా ఎదురు. అక్కడ చలి పరమశూన్యానికి పది డిగ్రీలు పైన. ధూళి రేణువు మీద కార్బన్ మోనాక్సైడు మంచుపొరలా గడ్డకట్టి ఉంటుంది. ఆ పొర మీద హైడ్రోజన్ పరమాణువు ఒకటి వచ్చి వాలుతుంది, ఎప్పుడో ఇంకొకటి, తర్వాత మరొకటి. నాలుగు చేరితే మిథనాల్. తొందరేమీ లేదు, లక్షల ఏళ్ళున్నాయి.

ఆ మబ్బు నడుమ ఒక పెద్ద నక్షత్రం రూపుకడుతోందనుకోండి. చుట్టూ ధూళి వేడెక్కుతుంది. మంచు ఆవిరవుతుంది, మిథనాల్ గ్యాసుగా బయటపడుతుంది. వేడి ధూళి వెదజల్లే పరారుణ కిరణాలు ఆ అణువులను పై శక్తిస్థాయికి ఎత్తిపెడతాయి. కింద ఉండవలసిన వాటికంటే పైన ఉన్నవి ఎక్కువైపోతాయి. అలాంటప్పుడు సరైన పౌనఃపున్యమున్న తరంగం ఒకటి అటుగా వెళితే, ఒక్కో అణువూ తన వంతు కలిపి కిందికి దిగుతుంది. తరంగం పెరుగుతూ పోతుంది. మిథనాల్ విషయంలో ఆ పౌనఃపున్యం 6.7 గిగాహెర్ట్జ్, తరంగదైర్ఘ్యం నాలుగున్నర సెంటీమీటర్లు. కార్ల్ మెంటెన్ 1991లో దీన్ని కనిపెట్టాడు. ఇప్పుడు మన పాలపుంతలో ఇలాంటివి వెయ్యికి పైగా తెలుసు. విశేషమేమంటే 6.7 గిగాహెర్ట్జ్ మేసర్ కనబడిందంటే అక్కడ పుడుతున్నది మహానక్షత్రమే. సూర్యుడి లాంటి చిన్నవాటి దగ్గర ఇది దొరకదు.

అణువు వర్ణపటంలో ఇలాంటి ఒక్కో పౌనఃపున్యం ఒక్కో గీత. ఈ గీతలు ఏ అణువువో గుర్తుపట్టాలంటే ముందు భూమ్మీద ఎవరో కూర్చుని వాటిని కొలిచి ఉండాలి. అణువుల వర్ణపటాలు కొలవడమే జీవితంగా పెట్టుకున్న పరిశోధకులు వేరే ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పరారుణ వర్ణపటాల మీద దశాబ్దాలు పనిచేసిన కె. నరహరిరావు వాళ్ళలో పెద్ద పేరు. ఆయన గురించి తెలుగులో రాసినవాళ్ళు తక్కువ.

రాత్రి డాబా మీద మంచాలు వేశారు. ఓపెన్‌కాస్టు ఫ్లడ్‌లైట్ల వెలుగు ఒక దిక్కున ఆకాశాన్ని తెల్లబరిచింది కానీ, దక్షిణం బాగానే ఉంది. పదకొండు దాటాక వృశ్చికం పూర్తిగా పైకి వచ్చింది. పెద్దమ్మకు నక్షత్రాలు తెలుసు, ముహూర్తాల కోసం. అనూరాధ, జ్యేష్ఠ, మూల వరసగా చూపించింది. మూలలో పుట్టిన పిల్లలకు శాంతి చేయించాలని కూడా చెప్పింది.

మూల అంటే తేలు కొండిలోని జంట నక్షత్రాలు. వాటికి పడమరగా, చెయ్యి చాపి రెండు వేళ్ళు పెడితే పట్టేంత దూరంలో ఎన్‌జీసీ 6334 అనే మబ్బుంది. మామూలు కంటికి అక్కడ ఏమీ లేదు. దూరం 4,200 కాంతి సంవత్సరాలు. 2015 మొదట్లో అక్కడ ఒక పుట్టబోయే నక్షత్రం దగ్గర మేసర్లు భగ్గుమన్నాయి. మిథనాల్, నీరు, హైడ్రాక్సిల్ అన్నీ ఒకేసారి. చిలీలోని ఆల్మా టెలిస్కోపు తీసిన చిత్రాన్ని 2008 నాటి చిత్రంతో పోల్చి చూస్తే, ధూళి ప్రకాశం నాలుగు రెట్లు పెరిగింది. దాన్నిబట్టి లోపలి నక్షత్రం వెలువరించే శక్తి దాదాపు 70 రెట్లు పెరిగిందని లెక్క తేలింది. పదార్థం ఒక పెద్ద ముద్దగా వచ్చి మీద పడితే తప్ప అంత పెరగదు.

అదే ఏడాది నవంబరులో, జపాన్‌లోని యమగుచి రేడియో టెలిస్కోపు ఓరియన్, మిథునం హద్దులో ఉన్న ఎస్255 అనే చోట మిథనాల్ మేసర్ భగ్గుమందని కబురు పంపింది. పరారుణ టెలిస్కోపులు వెంటనే అటు తిరిగాయి. సూర్యుడికి 20 రెట్లున్న ఒక పసినక్షత్రం ప్రకాశం అయిదు రెట్లకు పైగా పెరిగి ఉంది. మింగిన పదార్థం రెండు గురుగ్రహాల బరువు. అప్పటిదాకా చిన్న నక్షత్రాలే ఇలా ముద్దలు ముద్దలుగా తింటాయని సాక్ష్యం ఉండేది. పెద్దవి ఎలా పెరుగుతాయన్నది చిక్కుముడి, ఎందుకంటే ఒక బరువు దాటాక వాటి వెలుగే వచ్చే పదార్థాన్ని వెనక్కి నెడుతుంది. చుట్టూ తిరిగే పళ్ళెంలోంచి అప్పుడప్పుడు ముద్ద జారి పడుతుందంటే ఆ చిక్కు కొంత విడుతుంది.

ఇదంతా నేను చెబుతుంటే పెద్దబాపు మధ్యలో ఆపారు. "కండ్లకు కనవడదంటున్నవ్, మల్ల ఏమైందో వాళ్ళకెట్ల ఎరుక?"

దానికి జవాబు ఆయన ఉద్యోగంలోనే ఉంది. ఇప్పుడంటే మీథేన్ కొలిచే డిజిటల్ పరికరాలొచ్చాయి. ఆయన చేరిన రోజుల్లో సేఫ్టీ ల్యాంపే ఆధారం. ఆయనే చెప్పారు: "వత్తి సన్నగ కిందికి దించాలె. మంట మీద నీలిరంగుల సన్నటి టోపీ లేస్తది. గ్యాసు కనవడది, గా టోపీ కనవడ్తది. టోపీ ఎంత లేస్తె గ్యాసు గంత." మేసర్ చేసే పని అదే. ధూళి వెనక నక్షత్రం కనబడదు, దాని వేడి పెరిగితే మేసర్ లేస్తుంది.

"మల్ల రోజూ సూడాలె గద," అన్నారాయన. "షిఫ్టు షిఫ్టుకు సూడాలె. గ్యాసు లేకున్నా లేదని రిపోర్టు బుక్కుల రాయాలె. 'లేదు' అని రాసుడు గూడ పనే."

నా కాగితాల కట్టలో అంత సూటిగా ఎవరూ రాయలేదు. ఈ శాస్త్రంలో నన్ను పట్టుకున్నది పెద్ద పెద్ద యంత్రాలు కాదు, ఈ 'లేదు' అని రాసే పనే. దక్షిణాఫ్రికాలో జొహనెస్‌బర్గ్‌కు దగ్గర్లో హార్టెబీస్‌ట్‌హుక్ అనే చోట 26 మీటర్ల పాత డిష్ ఒకటి ఉంది. 1961లో నాసా తన అంతరిక్ష నౌకలతో మాట్లాడేందుకు కట్టుకుని, 1970ల నడుమ వదిలేసి వెళ్ళింది. 1999 నుంచి శర్మిలా గూడార్ట్, మైకేల్ గేలార్డ్, యోహాన్ వాండర్‌వాల్ట్ దానితో యాభైకి పైగా మిథనాల్ మేసర్లను ఏళ్ళ తరబడి కొలుస్తూ కూర్చున్నారు. ఎక్కువవాటిలో చెప్పుకోదగ్గదేమీ లేదు. కానీ కొన్ని క్రమం తప్పకుండా పెరుగుతూ తగ్గుతూ ఉన్నాయి. ధనుస్సులో ఉన్న జీ9.62 అనేది సుమారు 243 రోజులకొకసారి లేచి పడిపోతోంది. అంతకుముందు మిథనాల్ మేసర్‌కు ఇలాంటి గడియారం ఉంటుందని ఎవరూ అనుకోలేదు. కారణం జంట నక్షత్రాల గాలులు ఢీకొనడమని కొందరు, పసినక్షత్రం తానే ఉబ్బుతూ తగ్గుతోందని కొందరు. తేలలేదు.

2008 అక్టోబరులో ఆ డిష్ తిరిగే బేరింగు విరిగిపోయింది. బాగుచేసేసరికి 2010 జూలై. ఈ సంగతి చెప్పినప్పుడు పెద్దబాపు ముఖం చూడాలి, బేరింగు విరిగితే ఎంత పనో తెలిసిన ముఖం అది. తిరిగి లేచాక మళ్ళీ అదే రాత. 2015లో ఎన్‌జీసీ 6334 భగ్గుమన్నప్పుడు ముందు ఎలా ఉండేదో, ఎప్పుడు మొదలైందో చెప్పగలిగింది ఆ పాత డిష్ రికార్డులే. ఆల్మాకు ఖర్చయిన డబ్బుతో పోలిస్తే ఇది చిల్లర. కానీ ఆల్మా ఏ ఒక్క చోటునూ రోజూ చూస్తూ కూర్చోదు, దాని సమయం కోసం ప్రపంచమంతా వరసలో ఉంటుంది. పరిశోధనకు నిధులిచ్చేవాళ్ళకు రోజూ ఒకే కొలత తీసే పని ఎప్పుడూ ఆకర్షణీయంగా కనబడదు. నాకు మాత్రం సగం శాస్త్రం అక్కడే ఉందనిపిస్తుంది.

మన దేశంలో? పుణె దగ్గరి జీఎంఆర్‌టీలో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి, ప్రపంచంలోనే గొప్పవాటిలో ఒకటి. కానీ అవి వినే పౌనఃపున్యాలు ఒకటిన్నర గిగాహెర్ట్జ్ లోపలే. 6.7 దానికి అందదు.

2017లో ఈ రోజువారీ కాపలాదారులంతా మేసర్ మానిటరింగ్ ఆర్గనైజేషన్ పేరుతో ఒక్కటయ్యారు. ఒకరికి కనబడగానే అందరికీ కబురు. రెండేళ్ళు తిరగకముందే దాని విలువ తెలిసొచ్చింది. 2019 జనవరిలో జపాన్‌లోని ఇబారకి డిష్‌లకు జీ358.93 అనే చోట మిథనాల్ మేసర్ ఉన్నట్టుండి పెరగడం కనిపించింది. ఆకాశంలో అది పాలపుంత కేంద్రం పక్కనే, మూలకు ఈశాన్యంగా. దూరం 22,000 కాంతి సంవత్సరాలు. వారాల తరబడి ప్రపంచంలో ఎవరి పగలు ఎవరి రాత్రి అన్నది చూడకుండా వంతులవారీగా చూశారు. అంతవరకూ ఎవరూ చూడని మిథనాల్ మేసర్ గీతలు ఒకదాని వెనక ఒకటి బయటపడ్డాయి. కొన్ని నెలలకే చాలావరకు ఆరిపోయాయి. ఎవరూ కాపలా లేకపోతే ఆ సంఘటన జరిగినట్టే తెలిసేది కాదు.

ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా డిష్‌లను జతచేసి కొన్ని వారాల తేడాతో రెండుసార్లు చిత్రం తీశారు. మేసర్లు నక్షత్రం చుట్టూ వలయంలా ఉన్నాయి. రెండో చిత్రంలో వలయం పెద్దదైంది. పెరిగిన వేగం కాంతి వేగంలో 4 నుంచి 8 శాతం. గ్యాసు అంత వేగంగా కదలదు. కదిలింది వేడి. నక్షత్రం ఒక ముద్ద మింగింది, ఆ మంట ధూళిలో ఒక రేణువు నుంచి ఇంకో రేణువుకు పాకుతూ బయటికొచ్చింది. అది చేరినచోటల్లా మిథనాల్ వెలిగింది, దాటిపోయినచోట ఆరింది. రాస్ బర్న్స్, సహచరులు 2020లో దీన్ని ప్రచురించారు. ఒక నక్షత్రం భోంచేసిన వేడి బయటికి నడిచి రావడాన్ని మనుషులు అలా వెంబడించి చూశారు.

"గా మొదటిది," అన్నారు పెద్దబాపు చాలాసేపటికి. ఆయన ఇంకా జీ9.62 దగ్గరే ఉన్నారు. "రెండు వందల నలభై మూడు రోజులంటివి. మూడు మాట్లయితే ఏడు వందల ఇరవై తొమ్మిది. అంటె రెండేండ్లకు మూడు మాట్లు."

సరిగ్గా అంతే, నాకు ఆ లెక్క తట్టలేదు.

"మాకే నయం. దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనసు. రెండేండ్లకు నాలుగు." నవ్వి, అటు తిరిగి పడుకున్నారు. నిద్రపోయారనుకున్నాను. మళ్ళీ గొంతు వినిపించింది.

"బిడ్డా, గా డిష్షు కాడ రాత్రంత కూసునేటోళ్ళకు నైట్ షిఫ్ట్ అలవెన్సు ఇస్తరా?"